హవల్దార్ సాబ్: కౌంటర్ వెనక మనిషి

(నల్లగొండలో బ్యాంకు విశ్రాంత ఉద్యోగులు జరుపుకున్న సంస్మరణ సభలో ఒక విశ్రాంత ఉద్యోగిని చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాశాం. కుటుంబం కోరిక మేరకు పేర్లు ఇవ్వలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటం వద్దు. ఇవాళ మనం తలచుకుంటున్న మనిషికి సగానికిపైగా జీవితం ఎడమ చెవి పనిచేయలేదు. ఆ సంగతి మనలో చాలామందికి ఆయన రిటైరయ్యాకగానీ తెలియలేదు. ఆ మాటకు తర్వాత వస్తాను.

నాకంటే ముందు మాట్లాడిన అన్నలు 1971 యుద్ధం గురించి చెప్పారు. బాగా చెప్పారు. డిసెంబర్ 3న మొదలైంది, 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 93 వేల మంది మన చేతికి చిక్కారు. అంతా నిజమే. కానీ నేను బ్యాంకుదాన్ని కదా, నాకు లెక్క కావాలి. ఆ యుద్ధం ఎన్నాళ్ళు? రెండు వారాలు. ఆయన మన బ్యాంకులో ఎన్నాళ్ళు ఉన్నాడు? 1979 నుంచి 2005 దాకా, ఇరవై ఆరేళ్ళు. ఆ ఇరవై ఆరేళ్ళూ మనం ఆయన్ని ఏమడిగాం? ఆ రెండు వారాల గురించి అడిగాం. టీ తాగేటప్పుడు అడిగాం, పెళ్ళిళ్ళలో అడిగాం, ఆఖరికి ఆయన రిటైర్మెంట్ ఫంక్షన్‌లో కూడా అదే అడిగాం. ఆయనకు ఎంత విసుగో నాకు తెలుసు, పక్క సీట్లో కూర్చున్నదాన్ని. అందుకని నేను యుద్ధం కొంచెం చెప్పి, బ్యాంకు ఎక్కువ చెప్తాను.

ఆయన సొంతూరు మునుగోడు వైపు. మెట్ట ఊరు. ఆ వైపు నీళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? ఫ్లోరైడ్. పళ్ళ మీద గార, మోకాళ్ళ నొప్పులు, నడుము వంగిపోవడం. నల్లగొండలో హెచ్‌ఎస్‌సీ చదివాడు. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. అక్టోబర్ 20న మొదలై నెల రోజుల్లో మనవాళ్ళు దెబ్బతిన్నారు. ఆ దెబ్బతో ప్రభుత్వం సైన్యాన్ని పెద్ద ఎత్తున పెంచింది. సరిగ్గా ఆ ఏడాది ఆగస్టు 15నే గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్ మొదలైంది. మన జిల్లా పిల్లలకు మిలిటరీ అంటే అంతకుముందు ఎక్కడో దూరంగా ఉండేది, ఇప్పుడు బస్సెక్కితే సాయంత్రానికి చేరే చోటికి వచ్చింది. 1963లో ఈయన భర్తీకి పోయాడు.

దేశభక్తితో పోయాడా? నేను అడిగాను. "చెల్లె, నెలనెలా జీతం, మూడు పూటలా అన్నం. మా ఇంట్లో ఆ రెండూ లేవు" అన్నాడు. భర్తీ రోజు ఆయనకు ఒక్కటే టెన్షన్ అట, పళ్ళు. డాక్టరు నోరు తెరవమంటే తన గార పళ్ళు చూసి తిప్పి పంపుతాడేమోనని ముందు రోజంతా బొగ్గుపొడితో తోముకున్నాడు. ఫ్లోరైడ్ గార బొగ్గుకు పోతుందా? పోదు. డాక్టరు చూశాడు, ఏమీ అనలేదు, తీసుకున్నాడు.

1965 యుద్ధానికి ఆయన గన్ దగ్గర పనిచేసే కుర్రాడు. 25 పౌండర్ అనేవాళ్ళు ఆ ఫిరంగిని. ఒక్కో గుండు పదకొండు కిలోలు దాటుతుంది, పన్నెండు కిలోమీటర్లు పోతుంది. ఆరుగురు మనుషులు దాని చుట్టూ. చెవుల్లో దూది పెట్టుకోమనేవాళ్ళట, చేతులు ఖాళీ ఉంటే కదా పెట్టుకోవడానికి. ఎడమ చెవి అక్కడే పోయింది. గాయమని ఎవరూ రాయలేదు, రక్తం కారలేదు కదా. పతకమూ లేదు, కాగితమూ లేదు. ఒక హోరు మాత్రం ఉండిపోయింది.

1971 నాటికి ఆయన పని మారింది. లెక్కలు వచ్చు, చేతిరాత బాగుంటుంది అని టెక్నికల్ అసిస్టెంట్‌ను చేశారు. వాళ్ళ పనేమిటంటే... ఇది కొంచెం జాగ్రత్తగా వినండి, ముందుకు పనికొస్తుంది. ముందున్న అబ్జర్వర్ నుంచి వైర్‌లెస్‌లో శత్రువు ఎక్కడున్నాడో మ్యాపు అంకెలు వస్తాయి. ఈయన బోర్డు మీద, రేంజ్ టేబుల్‌లో చూసి, గాలి ఎటు వీస్తోంది, చలి ఎంత, ఫిరంగి మందు వేడి ఎంత, అన్నీ కూడి తీసి, గన్‌ను ఎటు తిప్పాలో ఎంత ఎత్తాలో చెప్పాలి. మనం కోణాన్ని డిగ్రీల్లో చదువుకున్నాం, చుట్టూ 360. వాళ్ళకు చుట్టూ 6400 మిల్లులు. అంత సన్నగా కొలుస్తారు. పడమటి సరిహద్దులో షకర్‌గఢ్ వైపు, డిసెంబర్ చలిలో, గుంతలో కూర్చుని, టార్చికి గుడ్డ కట్టి, పెన్సిల్‌తో ఆ లెక్కలు కట్టాడు. ఆయన యుద్ధం అంటే అదీ. అంతకుమించి ఆయన చెప్పలేదు, నేనూ కల్పించను.

ఒక్క సంగతి తప్ప. మనియార్డర్ల సంగతి.

ఫీల్డ్‌లో ఉన్నవాళ్ళకు ఊరి పేరుండదు, ఆర్మీ పోస్టాఫీసు నంబరే, 56 ఏపీవో, 99 ఏపీవో, అంతే చిరునామా. కొడుకు పంజాబ్‌లో ఉన్నాడో అస్సాంలో ఉన్నాడో తల్లికి తెలియదు. ఈయన నెలనెలా అమ్మకు మనియార్డర్ పంపేవాడు. ఇక్కడ పాతవాళ్ళకు గుర్తుండాలి, మనియార్డర్ ఫారం కింద రెండు ముక్కలుండేవి. ఒకటి కూపన్, డబ్బు అందుకున్నవాళ్ళ దగ్గర ఉంటుంది, దాని మీద రెండు మాటలు రాయొచ్చు. రెండోది రసీదు, వేలిముద్ర వేయించుకుని పోస్ట్‌మన్ తిప్పి పంపుతాడు. అమ్మకు చదువు రాదు, ఉత్తరం రాయించాలంటే ఎవరి కాళ్ళో పట్టుకోవాలి. కాబట్టి కొడుక్కి అమ్మ నుంచి వచ్చే కబురు ఏది? ఆ వేలిముద్ర. వేలిముద్ర వచ్చిందంటే అమ్మ ఉంది. ఆ డిసెంబర్‌లో మనియార్డర్ రాలేదు. ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. రేడియో ఉన్న ఇంటి ముందు ఆమె రోజూ సాయంత్రం కూర్చునేదట, వార్తల్లో కొడుకు పేరు చెప్తారనుకుని. జనవరిలో రెండు నెలల డబ్బు ఒకేసారి వచ్చింది. ఇటు ఆమెకు కొడుకు ఉన్నాడని తెలిసింది, రసీదు అందాక అటు కొడుక్కి అమ్మ ఉందని తెలిసింది.

మీరు ఆయన కౌంటర్‌లో ఒకటి గమనించారా? నిశానీ ఖాతాదారు వస్తే ఆయన లేచి నిలబడేవాడు. ఇంక్ ప్యాడ్ మీద వేలు తనే పట్టుకుని, గట్టిగా రుద్దకుండా, ఇటు నుంచి అటు ఒక్కసారి దొర్లించేవాడు. గీతలు స్పష్టంగా పడాలి. మగవాళ్ళకు ఎడమ బొటనవేలు, ఆడవాళ్ళకు కుడి బొటనవేలు. తర్వాత ఆ వేలు తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చేవాడు. మనమేం చేసేవాళ్ళం? నిజం చెప్పండి. "ఇక్కడ వెయ్యి, ఇక్కడ" అని ప్యాడ్ ముందుకు తోసేవాళ్ళం, ఆ మనిషి పోతూ పోతూ మన గోడకే తుడిచేవాడు. గోడంతా నీలం మచ్చలు!

బ్యాంకుకు ఎలా వచ్చాడు

1978లో హవల్దార్‌గా పింఛన్‌తో బయటికి వచ్చాడు. ముప్పై మూడేళ్ళు. ఆ వయసులో పింఛనుదారు అంటే ఏంటో ఆలోచించండి. ఇద్దరు పిల్లలు, మెట్ట పొలం. అప్పటికి 1969లో పద్నాలుగు బ్యాంకులు జాతీయం అయి పదేళ్ళు. పల్లెపల్లెకు బ్రాంచీలు తెరుస్తున్నారు, మనుషులు కావాలి. మాజీ సైనికులకు బ్యాంకుల్లో కోటా ఉంది, క్లర్కుల్లో 14.5 శాతం, అటెండర్లు, గార్డుల్లో 24.5 శాతం. మన జిల్లాలో ఏ బ్రాంచికి వెళ్ళినా గేటు దగ్గర తుపాకీతో ఒక మాజీ జవాను ఉండేవాడు కదా, అది ఆ కోటానే. పదో తరగతి పాసైనవాళ్ళు గార్డు కాకుండా క్లర్కు కావచ్చు. ఈయన క్లర్కు అయ్యాడు.

ఆయన వేసే జోకు ఒకటుంది. అప్పట్లో మన ప్రాంతంలో పెద్ద బ్యాంకు, హైదరాబాద్ స్టేట్ బ్యాంకు, పుట్టిందే రెండో ప్రపంచయుద్ధం మధ్యలో. 1942 ఏప్రిల్ 5న గన్‌ఫౌండ్రీలో మొదలైంది. ఆ గన్‌ఫౌండ్రీ ఏంటి? నిజాం కాలంలో రేమండ్ అనే ఫ్రెంచి దొర ఫిరంగులు పోయించిన చోటు. "చూశావా చెల్లె, తోపులు పోసిన చోట బ్యాంకు పెట్టారు. నేనేం కొత్తగా దారి మారలేదు" అనేవాడు. చెప్పిందే పదిసార్లు చెప్పేవాడు, పదిసార్లూ తనే నవ్వేవాడు.

మొదటి పోస్టింగ్ హాలియా. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు 1967 నుంచి వస్తున్నాయి, వరి డబ్బు కౌంటర్ మీద కుప్ప పడేది. మునుగోడు మనిషికి అది చూస్తే ఎలా ఉంటుంది? ఒకే జిల్లా. ఇక్కడ తాగడానికి నీళ్ళు లేవు, అక్కడ రైతు సంచిలో నోట్లు తెచ్చి "లెక్కపెట్టండి సారూ, నేను టీ తాగొస్తా" అని వెళ్ళిపోతున్నాడు. ఈయన పోనిచ్చేవాడు కాదు. "నువ్వు నిలబడితేనే లెక్క పెడతా" అనేవాడు. వాళ్ళకు కోపం. ఆయనతో అందరికీ ఎప్పుడో ఒకప్పుడు కోపం వచ్చింది, దాచిపెట్టి లాభం లేదు. పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే అనే సభ కాదిది. మొండి మనిషి. సాయంత్రం బస్సుందని బతిమాలినా స్ట్రాంగ్‌రూమ్ తాళం ముందుగా వేయనిచ్చేవాడు కాదు. నా మీద కూడా అరిచాడు.

కానీ బ్యాలెన్సింగ్ వస్తే అందరం ఆయన చుట్టూ చేరేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు బ్యాలెన్సింగ్ అంటే తెలియదు, కంప్యూటర్ చేసేస్తుంది. అప్పుడు లెడ్జర్‌లో ప్రతి ఖాతా నిల్వా చేత్తో రాసి, కూడి, జనరల్ లెడ్జర్ మొత్తంతో సరిపోయిందా లేదా చూడాలి. డిసెంబర్ 31 రాత్రి లోకమంతా కొత్త సంవత్సరం చేసుకుంటుంటే మనం క్లోజింగ్‌లో కూర్చునేవాళ్ళం. 1989లోగానీ అది మార్చికి మారలేదు. ఒకసారి సేవింగ్స్‌లో 27 రూపాయలు తేడా. అర్ధరాత్రి దాటింది. నలుగురం మొదటి పేజీ నుంచి మళ్ళీ టిక్కులు పెడుతున్నాం. ఆయన వచ్చి "తేడా ఎంత?" అన్నాడు. ఇరవై ఏడు అన్నాం. "తొమ్మిదితో తెగుతుంది కదా, అంటే అంకెలు తారుమారయ్యాయి. ఇరవై ఏడంటే మూడు తొమ్మిదులు. పక్కపక్క అంకెల మధ్య తేడా మూడు ఉండేవి వెతకండి. 14, 25, 36, 47, ఇలాంటివి" అన్నాడు. వెతికాం. ఒక ఖాతాలో 63 ఉండాల్సింది 36 ఉంది. రాసింది నేను కాదు, అది మాత్రం రికార్డు కావాలి!

ఎలా తెలుసన్నా అంటే అప్పుడు చెప్పాడు. మిలిటరీలో మొదట నేర్పేది అదేనట. అంకెలు వైర్‌లెస్‌లో వస్తాయి, చీకటి, చలి, చెవిలో హోరు. 1450 అని వస్తే 1540 అని రాస్తావు. ఎంత తేడా? తొంభై మిల్లులు. అదీ తొమ్మిదితో తెగేదే. పది కిలోమీటర్ల దూరానికి అది దాదాపు తొమ్మిది వందల మీటర్లు పక్కకు పోతుంది. ఆ తొమ్మిది వందల మీటర్ల అవతల మనవాళ్ళే ఉండొచ్చు. అందుకే ప్రతి అంకె విన్నవాడు తిరిగి చదివి చెప్పాలి, రెండోవాడు వేరేగా లెక్క కట్టాలి, ఇద్దరిదీ కలవాలి. మన బ్యాంకులో ఒకరు రాస్తే ఇంకొకరు చెక్ చేయాలన్న రూలు ఉంది కదా, మనం చూడకుండానే ఇనీషియల్ పెట్టేవాళ్ళం. ఆయన చూడకుండా ఒక్క ఇనీషియల్ పెట్టి ఉంటే ఇప్పుడు ఎవరైనా లేచి చెప్పండి. ఉన్నారా?

ఇక చెవి సంగతి. టోకెన్ పిలిస్తే జనం గుంపుగా వచ్చి మాట్లాడతారు. ఎడమ పక్క నుంచి అడిగితే ఆయనకు వినపడదు, జవాబు ఇవ్వడు. "మిలిటరీ పొగరు" అన్నారు. ఒకాయన రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు, "విని విననట్టు నటిస్తున్నాడు" అని. అప్పటి మేనేజర్ మెమో ఇచ్చాడు. ఈయన జవాబులో క్షమించమని రాశాడు, చెవి మాట రాయలేదు. ఎందుకు రాయలేదు? వీరుడు కాబట్టి గాయం చెప్పుకోలేదు అని మీరు చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు. ఆగండి. చాలా ఏళ్ళ తర్వాత నాకు చెప్పాడు. "చెవుడు అని రాస్తే క్యాష్ నుంచి తీసేస్తారు చెల్లె. క్యాష్ అలవెన్స్ పోతుంది. పెద్దపిల్ల హైదరాబాద్‌లో చదువుతోంది." అంతే. తర్వాత కుర్చీ కాస్త తిప్పి వేసుకున్నాడు, కుడి చెవి జనం వైపు వచ్చేలా. మనం దానికీ నవ్వాం, వంకర కుర్చీ అని.

ఏటా డిసెంబర్ 16న ఏదో ఒక బడివాళ్ళు పిలిచేవాళ్ళు. వెళ్ళేవాడు. చలి గురించి, గుంతలు తవ్వడం గురించి, రొట్టె గట్టిపడి పళ్ళకు తెగకపోవడం గురించి చెప్పి దిగిపోయేవాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. ఒక పిల్లవాడు లేచి "సార్, మీరు ఎంతమందిని చంపారు?" అన్నాడు. హెడ్‌మాస్టర్ గాభరా పడ్డాడు. ఈయన చాలాసేపు ఆగి, "నేను లెక్క కట్టి పంపేవాణ్ణి బిడ్డా. అది ఎవరి మీద పడిందో నాకు చెప్పేవాళ్ళు కాదు. టార్గెట్ అయిపోయింది అని మాత్రం చెప్పేవాళ్ళు" అన్నాడు. పిల్లవాడికి ఆ జవాబు నచ్చలేదు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబు విగ్రహం ఉంది. 2020 జూన్‌లో గల్వాన్‌లో పోయాడు, మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయన తండ్రి కూడా మనలాగే బ్యాంకు మనిషి. ఆ దారిన పోయినప్పుడల్లా నేను ఆగి దండం పెట్టుకుంటాను. పోయినవాళ్ళకు దండం పెట్టడం మనకు వచ్చు. తిరిగొచ్చి మన ముందు టోకెన్ పట్టుకుని క్యూలో నిలబడినవాళ్ళను మాత్రం వచ్చే నెల రమ్మని పంపేస్తాం.

పీపీవో కాగితాలు

ఇది ఆయన చేసిన పనుల్లో అన్నిటికంటే పెద్దదని నా అభిప్రాయం. మిలిటరీ పింఛన్లు బ్యాంకుల ద్వారా ఇవ్వడం మొదలయ్యాక, ఆ కాగితం చదవడం మన బ్రాంచిలో ఎవరికీ రాలేదు. పీపీవో, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డరు, అలహాబాద్ నుంచి వచ్చేది. అన్నీ పొడి అక్షరాలు, కోడ్‌లు. బతికున్నంతకాలం జవానుకు పింఛను పడుతూ ఉంటుంది, ఎవరూ ఆ కాగితం తెరిచి చూడరు. ఆయన పోయాక భార్య వస్తుంది. అప్పుడు తెరిస్తే? పాత పీపీవోల్లో చాలావాటిలో భార్య పేరే ఉండదు. ఉంటే ఒక అక్షరం తేడా. పుట్టిన తేదీ ఉండదు. ఆధార్‌లో ఒక పేరు, డిశ్చార్జ్ బుక్‌లో ఒక పేరు. ఎవరు తప్పు రాశారు? ఎప్పుడో ఎక్కడో ఒక యూనిట్ క్లర్కు, కాకపోతే ఊళ్ళో పెళ్ళి సర్టిఫికెట్ రాసిచ్చిన మనిషి. అనుభవించేది ఎవరు? ఆ ముసలమ్మ.

దేవరకొండ వైపు తండా నుంచి ఒకామె వచ్చింది. భర్త ఈఎంఈలో, అంటే మిలిటరీ యంత్రాల రిపేరు విభాగంలో, చేసినవాడు. భర్త పోయి అప్పటికి చాలాకాలమైంది, ఫ్యామిలీ పింఛను లేదు. కూలికి పోతోంది. బ్యాంకువాళ్ళు మిలిటరీవాళ్ళను అడగమంటారు, మిలిటరీ ఆఫీసు ఎక్కడుందో ఆమెకు తెలియదు. హవల్దార్ సాబ్ ఆమె సంచి తెరిచి కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. ఈఎంఈ రికార్డ్స్ ఎక్కడ ఉంది? సికింద్రాబాద్‌లో! ఢిల్లీ కాదు, కాశ్మీర్ కాదు, పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి చేరే సికింద్రాబాద్. ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఈయన దరఖాస్తు రాశాడు. మిలిటరీ పద్ధతిలో, పైన సర్వీస్ నంబరు, తర్వాత ర్యాంకు, తర్వాత పేరు. "పేరుతో మొదలుపెడితే వాళ్ళు పక్కన పడేస్తారు. నంబరుతో మొదలుపెట్టు" అని నాకు నేర్పాడు. నెలలు పట్టింది. బకాయిలతో సహా వచ్చింది. ఆమె ఒక కోడిపుంజును చంకలో పెట్టుకుని సరాసరి క్యాష్ కౌంటర్ దగ్గరికి వచ్చింది, అది ఎగిరి నోట్ల మీద నిలబడింది. ఆయన తీసుకోనన్నాడు. ఆ కోడి చివరికి ఎవరింటికి పోయిందో ఆ మనిషి ఈ హాల్లోనే ముందు వరుసలో కూర్చున్నాడు, పేరు చెప్పను.

అప్పటినుంచి ఆయన దగ్గరికి రావడం మొదలైంది. ఆర్టిలరీవాళ్ళైతే నాసిక్ రోడ్ క్యాంప్‌కు రాసేవాడు, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్‌కు, మద్రాస్ ఇంజినీర్లైతే బెంగళూరుకు. అన్ని అడ్రసులూ నోటికి. నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్లు, పింఛనుదారు బతికే ఉన్నాడని ఇచ్చే కాగితాలు. రాలేనివాళ్ళ ఇళ్ళకు సైకిల్ మీద పోయేవాడు. 2014లో వేలిముద్రతోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ వచ్చాక, అప్పటికి తను రిటైరై చాలాకాలమైనా, వేలిముద్ర మెషీన్ ఒకటి కొనుక్కున్నాడు. వయసు మళ్ళినవాళ్ళ వేళ్ళు అరిగిపోయి ముద్ర పడదు కదా, ఆయన ఆ వేలు కడిగించి, తుడిచి, ఒక్కసారి ఆనించేవాడు, పడేది. తర్వాత స్పర్శ్ అని కొత్త పద్ధతి వచ్చింది, పింఛన్లన్నీ అందులోకి మార్చారు. ఆ మార్పిడిలో పేర్ల తేడాలు మళ్ళీ బయటపడ్డాయి. చివరి రోజుల్లో ఆయన ఆ పనిలోనే ఉన్నాడు.

తన కాగితాలు మాత్రం ముందే సరిచేసి పెట్టుకున్నాడు. జాయింట్ ఖాతా, పీపీవోలో వదిన పేరు, పుట్టిన తేదీ, అన్నీ కలుస్తున్నాయి. ఆయన పోయాక వదినకు ఎవరి దగ్గరికీ తిరగాల్సిన అవసరం రాలేదు. వదిన ఇక్కడే ఉంది, అడగండి.

పోయిన వారం వదిన నాకు ఒక సంచి ఇచ్చింది. అందులో ఇంకా పూర్తికాని ఫైళ్ళున్నాయి. ఒక్కోదానికి దారం కట్టి, పైన పెన్సిల్‌తో సర్వీస్ నంబరు, ఎక్కడికి రాసింది, జవాబు ఎప్పుడు రావాలి, అన్నీ ఉన్నాయి. మూడు నాసిక్‌వి, రెండు సికింద్రాబాద్‌వి, ఒకటి వెల్లింగ్టన్‌ది. సికింద్రాబాద్‌వి నేను చూసుకుంటాను. మిగతావాటికి ఇంగ్లీషులో ఉత్తరం రాయగలిగినవాళ్ళు, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్ళు కావాలి. భోజనాల దగ్గర నేను కుడి పక్క టేబుల్ దగ్గరుంటాను, సంచి అక్కడే ఉంటుంది. పేరిచ్చి ఫైలు తీసుకోండి. ఇక మైకు యూనియన్ అన్నకు ఇస్తున్నాను.